అనాథబంధువు బర్నార్డో

పందొమ్మిదవ శతాబ్దమున లండను నగరము లోకములోని నగరములన్నిటిలో మిక్కిలి సంపన్నమైనదని పేరొందెను. దేశదేశముల సరకులతో నిండిన ఓడలు థేమ్సు నదిలో బారులు తీరి యుండెడివి. కాని దీపము క్రిందనే చీకటి యున్నట్లు, ఆ రేవుల ప్రక్కనే ఈస్టెండు అను పేటలో వేలకొలది పేదలు ఇరుకు గదులలో, మురికి సందులలో కాలము గడుపుచుండిరి. తల్లిదండ్రులు మరణించిన పిల్లలకును, వారిచే విడువబడిన పిల్లలకును అచ్చట వీథియే ఇల్లు. అట్టి పిల్లలకు కూడును గూడును ఇచ్చుటయే గాక, వారు పెద్దవారై తమ కాళ్ళపై తాము నిలువగలుగునట్లు చేయుటకై జీవితమంతయు పాటుపడిన వాడు డాక్టరు థామస్ జాన్ బర్నార్డో.

బర్నార్డో 1845వ సంవత్సరము జూలై 4వ తేదీన ఐర్లండు దేశమునందలి డబ్లిను నగరమున జన్మించెను. తండ్రి జర్మనీలోని హాంబర్గు నుండి వచ్చి అచ్చట స్థిరపడి, బొచ్చుతోళ్ళ వ్యాపారము చేయుచుండెను. బాల్యమున బర్నార్డో మొండివాడే గాని చదువులో పేరు తెచ్చుకొన్నవాడు కాడు. అతడు చిన్నతనమందే బడి మాని ఒక ద్రాక్షసారాయి వర్తకుని వద్ద పనికి కుదిరెను. 1862లో అతని మనస్సు దైవభక్తి వైపునకు మరలెను. అప్పటి నుండి డబ్లిను నగరపు పేదపేటలలో పిల్లలకు చదువు చెప్పుచు వచ్చెను. చైనా దేశమునకు పోయి మతబోధకుడుగా పనిచేయవలెనని సంకల్పించి, 1866లో లండను చేరి, వైద్యవిద్య నభ్యసింప మొదలిడెను.

ఆ యేటనే ఈస్టెండు పేటలో కలరా వ్యాధి చెలరేగి వేలకొలది జనులను బలిగొనెను. బర్నార్డో ఇంటింటికి తిరిగి రోగులకు సాయపడెను. పెద్దలు చనిపోగా మిగిలిన పసివారి దైన్యమును కన్నులార చూచెను. 1867లో ఆయన ఆ పేటలోనే పేదపిల్లల కొరకు ఒక బడిని స్థాపించెను. పూర్వము గాడిదలను కట్టిన పాక నొకదానిని అద్దెకు తీసికొని, నేల బాగుచేయించి, గోడలకు సున్నము కొట్టించి, అందులో రాత్రివేళ పాఠములు చెప్పుచుండెను.

ఒక చలికాలపు రాత్రి బడి ముగిసిన పిమ్మట పిల్లలందరు వెళ్ళిపోయిరి. జిమ్ జార్విస్ అను బాలుడు మాత్రము పొయ్యి చెంత నుండి కదలలేదు. ఇంటికి పొమ్మనగా తనకు ఇల్లు లేదనెను. తల్లియు తండ్రియు లేరనెను. బర్నార్డో ఆ మాటను మొదట నమ్మలేకపోయెను. అటువంటి బాలురు ఇంకను ఉన్నారా యని అడుగగా, లెక్కలేనంత మంది యున్నారని ఆ బాలుడు చెప్పెను. అర్ధరాత్రి వేళ ఆయనను వెంటబెట్టుకొని పోయి, ఒక కట్టడపు పైకప్పు మీదికి ఎక్కించెను. అచ్చట కొందరు బాలురు చింకిగుడ్డలతో, కప్పుకొనుటకు ఏమియు లేక, చలికి ముడుచుకొని నిద్రించుచుండిరి. ఈ వృత్తాంతమును బర్నార్డో తరువాత పలుమారులు సభలలో చెప్పెను, పత్రికలలో వ్రాసెను. నాటి నుండి ఆయనకు చైనా ప్రయాణపు తలంపు సన్నగిల్లెను. తాను చేయవలసిన పని తన కన్నుల యెదుటనే యున్నదని ఆయన గ్రహించెను.

1870లో బర్నార్డో స్టెప్నీ కాజ్‌వే అను వీథిలో బాలుర కొరకు ఒక వసతిగృహమును తెరచెను. అప్పు చేసి పని సాగింపరాదనునది ఆయన మొదటి నియమము. చేతిలో ధనమున్నంత మేరకే పిల్లలను చేర్చుకొనుచుండెను. ఒకనాడు జాన్ సోమర్స్ అను పదునొకండేండ్ల ఎఱ్ఱజుట్టు బాలుడు వచ్చి, తనను కూడ చేర్చుకొమ్మని వేడుకొనెను. గృహము నిండియుండెను. కొలది దినములలో చోటు దొరకునని చెప్పి బర్నార్డో వానిని పంపివేసెను. ఆ చోటు దొరకక మునుపే ఆ బాలుడు ఆకలికిని చలికిని తాళలేక వీథిలోనే మరణించెను. ఈ వార్త బర్నార్డో హృదయమును బాణము వలె నాటెను. నియమము నిలిచినది గాని బాలుడు నిలువలేదు. ఆయన వెంటనే ఆ నియమమును విడిచిపెట్టెను. దిక్కులేని బిడ్డను ఎన్నడును త్రిప్పి పంపబోమని గృహము వెలుపల అందరు చూచునట్లు వ్రాయించెను. ఆ తరువాత రేయింబగళ్ళు ఏ వేళ తట్టినను ఆ తలుపు తెరువబడుచుండెను.

తలుపు తెరచుట ఒక యెత్తు. లోనికి వచ్చిన పిల్లవానిని మరల లోకములోనికి పంపుట మరియొక యెత్తు. పసివానికి అన్నము పెట్టినచో ఆ పూట గడచును. పదునాలుగేండ్లు వచ్చిన పిమ్మట వాడు చేత పని లేక, వెనుక ఎవ్వరును లేక బయటికి పోయినచో మరల వీథియే గతి. ఈ సంగతిని బర్నార్డో ఆదినుండియు ఎఱిగియుండెను. అందుచేత స్టెప్నీ గృహమునందు పడకగదులతో పాటు పనిశాలలను కూడ నెలకొల్పెను. బాలురు దినములో కొంత సేపు చదువు నేర్చుకొనుచు, కొంత సేపు వృత్తిపని నేర్చుకొనుచుండిరి. జోళ్ళు కుట్టుట, బట్టలు కుట్టుట, వడ్రంగము, చాపలు అల్లుట, రొట్టెలు కాల్చుట, అచ్చుపని మున్నగునవి అచ్చట నేర్పబడుచుండెను. కొందరు బాలురు నగరవీథులలో జోళ్ళకు మెఱుగు పెట్టుచు, కొందరు ఉత్తరములు చేరవేయుచు, తమ కష్టార్జితము ఎట్టిదో తెలిసికొనిరి. పదునేడు, పదునెనిమిదేండ్లు వచ్చి, పని లేక తిరుగుచున్న యువకుల కొరకు వేరొక గృహమును ఏర్పరచెను. అందులో వారు కొన్ని నెలలు కట్టెలు కొట్టుట మొదలగు పనులు చేసి, శ్రమకు అలవాటుపడి, పిమ్మట ఉద్యోగములకు పోవుచుండిరి.

1873లో బర్నార్డోకు సిరీ ఎల్మ్‌స్లీ యను యువతితో వివాహమయ్యెను. వివాహ సమయమున ఒక మిత్రుడు లండనునకు వెలుపల బార్కింగ్‌సైడు గ్రామమునందలి ఒక భవనమును పదునైదేండ్ల వరకు వాడుకొనుట కిచ్చెను. దంపతులు అచ్చట అనాథ బాలికలకు వసతి కల్పించిరి. మొదట అందరును ఒక్క చోటనే యుండిరి. పెద్ద గుంపుగా ఉంచుటచే బాలికలు ఒకరి చెడునడత నొకరు నేర్చుకొనుచుండుట బర్నార్డో గమనించెను. ఆడపిల్ల పెరుగవలసినది సత్రములో కాదు, ఇంటిలో నని ఆయనకు తోచెను. తాను చేసిన యేర్పాటు తప్పని తెలిసినప్పుడు దానిని మార్చుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు. 1876లో చిన్న చిన్న ఇండ్లతో బాలికల గ్రామమును ప్రారంభించెను. ఒక్కొక్క యింట కొలదిమంది బాలికలు, వారికి తల్లి వలె ఒక స్త్రీ ఉండిరి. చిన్నపిల్లలను పెద్దపిల్లలు సాకుచుండిరి. వంట, బట్టలు ఉతుకుట, కుట్టుపని అందరును నేర్చుకొనుచుండిరి. ఆ కాలపు ఇంగ్లండులో పేదబాలికకు ఇంటిపనియే ముఖ్యమైన జీవనాధారము. పనికి కుదిరి వెళ్ళు బాలికకు కావలసిన దుస్తులను కూడ ఇచ్చి పంపుచుండిరి. కాలక్రమమున ఆ గ్రామములో వెయ్యిమందికి పైగా బాలికలు నివసించిరి.

1886లో బర్నార్డో మరియొక అడుగు ముందునకు వేసెను. పిల్లలను పల్లెటూళ్ళలోని సామాన్య కుటుంబములకు అప్పగించి, వారి పోషణకు వారము వారము సొమ్ము చెల్లించు పద్ధతిని ఆరంభించెను. పెంచువారు తమ బిడ్డలతో సమానముగా వారిని చూడవలెను, బడికి పంపవలెను. తనిఖీ చేయువారు ముందుగా తెలుపక వచ్చి, బిడ్డ పడకను, దుస్తులను, ఒంటిని పరిశీలించి పోవుచుండిరి. ఈ విధముగా ఎందరో పిల్లలు మొదటిసారిగా అమ్మా, నాన్నా యని పిలుచుటకు నోచుకొనిరి. ఐనను ఈ పద్ధతిలో ఒక లోపము కలదు. పండ్రెండు, పదుమూడేండ్లు రాగానే పలువురిని వృత్తిపని నేర్చుకొనుటకై మరల నగరమునందలి గృహమునకు పిలిపించుచుండిరి. పని నేర్చుట మంచిదే. కాని దానికై పెంచిన తల్లి ఒడి విడువవలసి వచ్చెను.

బర్నార్డో చేసిన పనులలో నేటికిని వివాదాస్పదమైనది పిల్లలను కెనడా దేశమునకు పంపుట. లండనులో పనులు తక్కువ, కూలివారు ఎక్కువ. కెనడాలో భూమి విస్తారము, పనివారు కొరత. అచ్చటికి పోయినచో అనాథ బాలుడు సైతము ఒకనాటికి సొంత పొలము గల రైతు కాగలడని ఆయన నమ్మెను. 1882లో మొదటి బృందము ఓడ యెక్కెను. పిల్లలు రైతుల ఇండ్లకు పంపబడిరి. పెద్దబాలురకు వ్యవసాయము నేర్పుటకై మానిటోబా రాష్ట్రములో ఒక పొలమును కూడ నెలకొల్పిరి. 1895 నుండి టొరాంటో నగరమున ఒక పత్రికను వెలువరించిరి. దూరదూరముగా నున్న బాలురు అందులో తమ క్షేమసమాచారములను వ్రాసుకొనుచుండిరి. బర్నార్డో జీవితకాలములో సుమారు 18,000 మంది పిల్లలు సముద్రము దాటి పోయిరి.

వారిలో కొందరు నిజముగనే బాగుపడిరి, భూములు సంపాదించిరి, కుటుంబములు ఏర్పరచుకొనిరి. కాని ఎందరో బాలురు, బాలికలు మంచు కురియు పొలములలో ఒంటరిగా, చాలీచాలని తిండితో, దెబ్బలు తినుచు చాకిరి చేసిరి. తనిఖీదారుడు ఏడాదికి ఒకసారి వచ్చుటయే గగనము. ఇంగ్లండులోని పల్లెలో తలుపు తట్టి చూచినట్లు, వందల మైళ్ళ దూరమున విసరివేసినట్లున్న పొలములను చూచుట సాధ్యము కాలేదు. అంతియే గాక, కొందరు పిల్లలు తల్లుల సమ్మతి లేకయే విదేశములకు పంపబడిరి. ఇట్టి వ్యవహారములు న్యాయస్థానముల కెక్కెను. 1892లో ప్రభువుల సభ ఒక వ్యాజ్యెమున బర్నార్డోకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను. పేదతల్లి యైనను తల్లియే యని, మేలు చేయువాడు సైతము ఆమెను అడుగవలసినదే యని ఆ వ్యాజ్యెములు లోకమునకు తెలిపెను.

విరాళముల కొరకు ఆయన పిల్లల ఛాయాచిత్రములను తీయించి అమ్మించుచుండెను. కొన్ని చిత్రములలో పిల్లల దుస్తులు ఉన్నదానికంటె దీనముగా కనబడునట్లు చేయబడినవను ఆరోపణ వచ్చెను. 1877లో మధ్యవర్తులు విచారించి, పెద్ద నేరము లేవియు లేవని తేల్చిరి గాని, ఆ చిత్రముల విషయమున ఆయనను తప్పుపట్టిరి. పట్టము పొందక మునుపే డాక్టరని పిలిపించుకొనెనను నింద కూడ వచ్చెను. ఆయన 1876లో ఎడింబరోలో పరీక్షయందు కృతార్థుడై ఆ బిరుదునకు అర్హుడయ్యెను. ఇట్టి నిందల నడుమ కూడ ఆయన పని ఒక్క దినమును ఆగలేదు.

విశ్రాంతి యెఱుగని శ్రమచే ఆయన గుండె బలహీనమయ్యెను. 1905వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన బర్నార్డో మరణించెను. అప్పటికి ఆయన గృహములలో సుమారు 8,000 మంది పిల్లలుండిరి. పెంపుడు కుటుంబములలో 4,000 మందికి పైగా పెరుగుచుండిరి. సంస్థకు రెండు లక్షల పౌనులకు మించిన అప్పు మిగిలెను. ఎవ్వరిని త్రిప్పి పంపరాదను ప్రతిజ్ఞకు చెల్లించిన మూల్యమది. లండను వీథులలో వేలకొలది జనులు నిలిచి ఆయన శవయాత్రను చూచిరి. ఆయన అస్థికలు బార్కింగ్‌సైడులో, తాను కట్టించిన బాలికల గ్రామములోనే సమాధి చేయబడెను.

కాలము గడచిన కొలది ఆయన పనిలోని మంచిచెడ్డలు స్పష్టముగా తేలినవి. 1925లో కెనడా ప్రభుత్వము తల్లిదండ్రులు వెంటలేని పదునాలుగేండ్ల లోపు పిల్లలను రానీయకుండ కట్టడి చేసెను. పలు సంస్థలు విదేశములకు పంపిన పిల్లలు పడిన పాట్లకు 2010లో బ్రిటిషు ప్రధానమంత్రి గార్డన్ బ్రౌను ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2017లో కెనడా పార్లమెంటు కూడ క్షమాపణ తెలిపెను. బర్నార్డో పేరిట నడచుచున్న సంస్థ తన పాత వసతిగృహములను మూసివేసి, నేడు పిల్లలకు పెంపుడు కుటుంబములను సమకూర్చుచున్నది. ఆ కుటుంబములను విడిచి పెద్దలగు యువతకు ఇల్లు, పని చూపి తోడ్పడుచున్నది. 2014లో చేయబడిన ఒక చట్టము వలన ఇంగ్లండులో పెంపుడు కుటుంబమున పెరిగిన యువకుడు పదునెనిమిదేండ్లు నిండగానే ఇల్లు విడువనక్కర లేదు. ఇరువురకు సమ్మతమైనచో ఇరువదియొకటవ యేటి వరకు అచ్చటనే యుండవచ్చును.

సొంత యింటిలో పెరిగిన బిడ్డ ఉద్యోగమునకై ఊరు విడిచినను, పండుగకు తిరిగి వచ్చుటకు ఒక గడప యుండును. జబ్బు చేసినప్పుడు, పని పోయినప్పుడు ఉత్తరము వ్రాయుటకు ఒక మనిషి యుండును. అనాథకు ఆ రెండును ఉండవు. చేతికి వృత్తి నిచ్చి బర్నార్డో వేల మందిని నిలబెట్టెను. అండగా నిలుచు మనిషిని కూడ ఇచ్చిన చోట ఆయన పిల్లలు చక్కగా పెరిగిరి. అది ఇయ్యలేకపోయిన చోట బాధపడిరి. జాన్ సోమర్స్ మరణము ఆయనకు తలుపు మూయరాదని నేర్పెను. ఆ తలుపు గుండ బయటికి పోయిన వాని కొరకు కూడ దానిని తెరచి యుంచవలెనని ఆయన జీవితము మనకు నేర్పుచున్నది.