ఊళ్లని కలిపిన ఇంజనీర్ చార్లెస్ మెర్జ్

బల్బు అంటే ఎడిసన్, ఏసీ మోటార్ అంటే టెస్లా టక్కున గుర్తొస్తారు. పవర్ గ్రిడ్ అంటే గుర్తు రావాల్సిన పేరు చార్లెస్ మెర్జ్.

ఆయన 1874లో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో పుట్టారు. 1899లో, అంటే పాతికేళ్లు కూడా నిండకముందే, కన్సల్టింగ్ ఇంజనీర్‌గా సొంత ప్రాక్టీస్ పెట్టారు. తర్వాత విలియం మెక్‌లెల్లన్ పార్ట్‌నర్‌గా చేరారు. న్యూకాజిల్ దగ్గర 1901లో మొదలైన నెప్ట్యూన్ బ్యాంక్ స్టేషన్ మెర్జ్ పనే. బ్రిటన్‌లో త్రీ ఫేజ్ కరెంటు సప్లై చేసిన మొదటి స్టేషన్ అది.

ఆయన లాజిక్ చాలా సింపుల్. ఊరికో చిన్న స్టేషన్ ఉంటే, ప్రతి ఊరూ రిపేర్ల కోసం ఒక స్పేర్ మెషిన్‌ని ఖాళీగా ఉంచుకోవాలి. అన్నిటినీ లైన్లతో కలిపేస్తే పగలు షిప్‌యార్డులు, రాత్రి ఇళ్లు అదే మెషిన్‌ని వాడుకుంటాయి. స్పేర్లు తక్కువ సరిపోతాయి, బొగ్గు ఆదా అవుతుంది. మన సీఎస్ఈ వాళ్ల భాషలో చెప్పాలంటే, ఎవరి సర్వర్ వాళ్లు కొనుక్కోకుండా అందరూ షేర్ చేసుకోవడం.

న్యూకాజిల్‌లో ఇది బాగా పనిచేసింది. లండన్‌కి కూడా అలాగే చేద్దామని 1905లో పార్లమెంటు దాకా వెళ్లారు కానీ బిల్లు పాస్ కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి ఆ ఒక్క నగరంలోనే దాదాపు 70 సప్లై సంస్థలు, 10 రకాల ఫ్రీక్వెన్సీలు, 24 రకాల వోల్టేజీలు! ఒక పేటలో కొన్న మోటార్ పక్క పేటలో పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.

చివరికి 1925లో వియర్ కమిటీ ఆయన సలహా తీసుకుంది. 1926లో చట్టం వచ్చింది. దేశమంతా 132 కేవీ లైన్లు, ఒకటే ఫ్రీక్వెన్సీ: 50 హెర్ట్జ్. ఇక్కడే ఉంది అసలు ట్విస్ట్. మెర్జ్ కట్టిన న్యూకాజిల్ సిస్టమ్ నడిచేది 40 హెర్ట్జ్ మీద! అందరికీ దారి చూపించిన సిస్టమే అందరి కోసం మారాల్సి వచ్చింది. మోటార్లు, మెషిన్లు బోలెడు ఖర్చు పెట్టి మార్చారు. మంచి డిజైన్ ఒక్కటే చాలదు, నలుగురితో కలవాలి కూడా.

1938 నుంచి ఆ గ్రిడ్ దేశమంతా ఒకటిగా నడిచింది. 1940 అక్టోబర్‌లో లండన్‌లోని తన ఇంటి మీద పడ్డ బాంబుకి మెర్జ్, ఆయన ఇద్దరు పిల్లలు చనిపోయారు.

మన తెలుగు రాష్ట్రాలున్న సదరన్ గ్రిడ్ రాయచూర్-షోలాపూర్ లైన్‌తో మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసింది 2013 డిసెంబర్ 31న. ఆయన వందేళ్ల కిందట చెప్పిన లెక్కే ఇప్పుడు మన దగ్గరా నడుస్తోంది.