అందరికీ శాస్త్రం: వీరేశలింగం పంతులుగారి బాట

కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు వినగానే మనకు వితంతు వివాహాలే స్ఫురిస్తాయి. కాని ఆయన జీవితంలో అధిక భాగం బడిలోనే గడచింది. ప్రకృతి శాస్త్రాలను తెలుగు పిల్లల ముంగిటికి చేర్చిన తొలి తరం వారిలో ఆయన అగ్రగణ్యులు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. ఆరు నెలల పసితనంలోనే మశూచి సోకి, బ్రతికి బయటపడ్డారు. నాలుగవ యేట తండ్రిని కోల్పోయారు. రోగం వస్తే దేవత ఆగ్రహించిందని జనం నమ్మే రోజులవి. కోరంగిలోను, తరువాత ధవళేశ్వరంలోను ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాలను స్థాపించి, అదే యేడు ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించారు. శకునాలు, దయ్యాలు, గ్రహదోషాల వంటి మూఢనమ్మకాలపై నిర్భయంగా కలం ఝళిపించారు.

ఆనాడు శాస్త్రం ఇంగ్లీషు చదివిన కొద్దిమంది పురుషుల సొత్తు. పంతులుగారు శరీరధర్మాలను, జంతువులను, ఖగోళాన్ని గూర్చి తేట తెలుగులో పుస్తకాలు రచించారు. 1883లో స్త్రీల కొరకే ‘సతీహితబోధిని’ని నడిపారు. తమ బడులలో నిమ్నవర్గాల పిల్లలకూ చోటిచ్చారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన నాటి నుండి భార్య రాజ్యలక్ష్మమ్మగారు ఆయన సేవలో సగపాలు పంచుకొన్నారు. తమ ఆస్తిని హితకారిణీ సమాజానికి ధారపోసి, 1919 మే 27న మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట కన్నుమూశారు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి, తెలుగులో శాస్త్రగ్రంథాలు వెలువరించినవారు ఆ లక్ష్మణరావుగారే.

పంతులుగారు పుస్తకాన్ని అందరికీ ఇచ్చారు. పరికరాన్ని ప్రతి చేతికీ అందించే పని నేటి ఉపాధ్యాయులది. బాలురు ప్రయోగం చేస్తుంటే బాలికలు చూచి వ్రాసుకోవడంతో సరిపెట్టే తరగతి ఆయన బాటలో నడిచేది కాదు. ఇంట ఉర్దూ మాట్లాడే పిల్లకు ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్న మాట కొండలా తోస్తుంది. తెలుగు పిల్లకు ‘జియాయీ తాలీఫ్’ అన్నా అంతే. ఆకు ఎండలో తన ఆహారం తానే తయారు చేసుకొంటుందని ముందు చెప్పి, పారిభాషిక పదాన్ని ఆ తరువాత నేర్పితే ఇద్దరికీ అర్థమవుతుంది. బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతబడినా, చెరకు రసం కాగి ఆవిరి లేచి బెల్లం ముద్దకట్టడం మన ప్రాంతపు పిల్లలు ఎరిగినదే. రసాయన పాఠానికి అంతకు మించిన ప్రయోగశాల ఏది?

విద్యార్థులారా! మీలో రేపు ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లేవారు ఈ పంతులుగారిని స్మరించండి. వెనుక బెంచీపై మౌనంగా కూర్చున్న పిల్లను ముందుగా పిలిచి, ఆమె చేతికి భూతద్దం ఇవ్వండి. అదే ఆయనకు మనం అర్పించగల నిజమైన నివాళి.