హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ - పోలియోపై ప్రజాసమరము

జీవిత చరిత్రలు వ్రాసేటప్పుడు శాస్త్రజ్ఞులను, దేశనాయకులను ఎన్నుకోవడం పరిపాటి. మేము ఈ పర్యాయము ఒక విదూషకుని ఎన్నుకొన్నాము. పెద్ద కన్నులు గుండ్రముగా త్రిప్పుతూ, వేదికపై గంతులు వేస్తూ జనులను నవ్వించిన అమెరికన్ నటుడు ఎడ్డీ కాంటర్ ప్రజారోగ్యమునకు చేసిన సేవ ఎందరో వైద్యుల సేవకు తీసిపోదు.

1892లో న్యూయార్కు నగరములోని లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేదల పేటలో, రష్యా నుండి వలస వచ్చిన యూదు దంపతులకు ఆయన జన్మించారు. పసితనములోనే తల్లిదండ్రులను కోల్పోయారు. అమ్మమ్మ ఎస్తర్ ఇంటింటికీ తిరిగి సరుకులమ్ముతూ మనుమని సాకింది. చదువు అంతంతమాత్రము. 1917లో జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే ప్రఖ్యాత ప్రదర్శనలో ప్రవేశించాక ఆయనకు కీర్తి, ధనము రెండూ వచ్చాయి. 1929లో వాటాల విపణి కూలినప్పుడు ఆ ధనమంతా పోయింది. పోయిన సొమ్ము మీదనే హాస్యగ్రంథము వ్రాసి అమ్ముకొన్న ఘటికుడాయన! ఆనాటి రంగస్థల ఆచారము ప్రకారము ముఖమునకు మసి పూసుకొని నల్లజాతివారిని అనుకరించడం మాత్రము ఆయన కళకు మచ్చ. దానిని దాచిపెట్టి పొగడడం మాకు సమ్మతము కాదు.

1931 నుండి ఆయన కంఠము రేడియో ద్వారా ఇంటింటా వినిపించసాగింది. అసలు కథ అక్కడనే ఉన్నది.

ఆ రోజులలో పోలియో పేరు చెబితే తల్లుల గుండెలు అదిరేవి. వేసవి వస్తే ఈత కొలనులు మూతబడేవి. మందు లేదు, టీకా లేదు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టే 1921లో, 39వ ఏట, ఈ వ్యాధికి గురై కాళ్ల బలమును కోల్పోయారు. 1934 నుండి ఆయన జన్మదినమైన జనవరి 30న నృత్యోత్సవములు జరిపి రోగుల కొరకు విరాళములు కూర్చేవారు. టిక్కెట్టు కొనగల స్తోమత ఉన్నవారికే వాటిలో ప్రవేశము. కూలివాని పిల్లవానికీ పోలియో వచ్చేది, ఆ కూలివాడు ఇవ్వదలచిన పైసకు మాత్రము దారి లేదు.

1938 జనవరిలో పోలియో నివారణకు జాతీయ సంస్థ ఏర్పడింది. కాంటర్ ఒక ఉపాయము చెప్పారు. ప్రతి పెద్ద రేడియో కార్యక్రమములోను అర నిమిషము కేటాయించి, శ్రోతలు తలకొక డైమ్, అనగా పది సెంట్ల నాణెము, నేరుగా అధ్యక్షుని భవనమునకే పంపవలెనని కోరాలి. కాలగమనము అను అర్థము గల ఒక సుప్రసిద్ధ వార్తాచిత్రము పేరును చమత్కారముగా మార్చి, ఈ ఉద్యమమునకు మార్చ్ ఆఫ్ డైమ్స్ అని పేరు పెట్టారు. తదనంతర కాలములో ఆ పేరే సంస్థకు స్థిరపడింది.

మొదటి రెండు రోజులలో వచ్చినది పదిహేడున్నర డాలర్లు. నవ్వులపాలయినట్లే అనిపించింది. పిదప ఉత్తరముల వరద వచ్చింది. తపాలా బస్తాల మధ్య అధికారిక లేఖలు ఎక్కడ ఉన్నవో తెలియక సిబ్బంది సతమతమయ్యారు. మొత్తము 26,80,000 నాణెములు, అంటే 2,68,000 డాలర్లు వచ్చాయి.

ఈ విధముగా ఏటేటా పోగైన ధనముతోనే జోనాస్ సాల్క్ పరిశోధన సాగింది. సాల్క్ కూడా న్యూయార్కులోని యూదు కుటుంబీకుడే. 1954లో దాదాపు 18 లక్షల బాలబాలికలు టీకా పరీక్షలో పాల్గొన్నారు. 1955 ఏప్రిల్ 12న అది ఫలించిందని ప్రకటించారు. అయినా యువకులు టీకాకు ముందుకు రాలేదు. 1956 అక్టోబరులో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ విలేఖరుల యెదుట టీకా వేయించుకొన్నారు. కాంటర్ చూపిన బాటనే మరొక తరము నడిచిందని మా అభిప్రాయము.

ఆయన ధైర్యము విరాళములతో ఆగలేదు. 1939లో యూదు ద్వేషమును రేడియోలో ప్రచారము చేస్తున్న ఒక మతాచార్యుని బహిరంగముగా ఖండించినందుకు కార్యక్రమమే పోయింది. ఆ కార్యక్రమమునకు ధనమిస్తున్నది సిగరెట్టు కంపెనీ అన్నది వేరు విషయము! 1940లో తిరిగి రేడియోలోకి వచ్చారు. 1964 అక్టోబరు 10న మరణించారు.

మన దేశములో పల్స్ పోలియో 1995లో మొదలైనది. సినిమా తారలు దూరదర్శన్‌లో రెండు చుక్కలు వేయించమని కోరారు. ఉత్తర ప్రదేశ్‌లో సందేహించిన కుటుంబములకు ఇమాములు మసీదుల నుండి నచ్చజెప్పారు. మన దేశములో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో నమోదైనది.