శిశిర్ కుమార్ మిత్రా

శిశిర్ కుమార్ మిత్రా (అక్టోబరు 24, 1890 - ఆగష్టు 13, 1963) ప్రముఖ భారతీయ భౌతిక శాస్త్రవేత్త, మన దేశములో రేడియో విజ్ఞానమునకు ఆద్యుడు. వీరి కుటుంబము బెంగాలులోని హుగ్లీ జిల్లా కొన్నగరుకు చెందినది. తల్లి భాగల్పూరు ఆసుపత్రిలో వైద్యురాలు.

పారిస్‌లో కాంతిశాస్త్రములో డాక్టరేటు పొందిన మిత్రా, నాన్సీ నగరములో రేడియో వాల్వులను చూచి తన మార్గమునే మార్చుకొనెను. 1923లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, ఎం.ఎస్సీ.లో వైర్‌లెస్‌ను పాఠ్యాంశముగా ప్రవేశపెట్టెను.

చీకటి పడిన పిదప మీడియం వేవ్‌పై ఎక్కడివో దూరపు కేంద్రములు వినవచ్చుట, రేడియో ముల్లు త్రిప్పినవారందరికీ అనుభవమే. పగలు ఆ తరంగములను అయనావరణపు దిగువనున్న డి-పొర పీల్చివేయును. రాత్రి అది క్షీణించగా, తరంగములు పై పొరలను తాకి వందల కిలోమీటర్ల దూరమున నేలకు దిగును. భూమికి సుమారు 100 కిలోమీటర్ల ఎత్తుననున్న ఈ-పొరను మిత్రా, ఆయన శిష్యులు కలకత్తాలోనే పరిశోధించిరి.

ఈ జ్ఞానమునంతటిని క్రోడీకరించి ఆయన 'ది అప్పర్ అట్మాస్ఫియర్' రచించెను. అంతటి గ్రంథమునకు ప్రచురణకర్త దొరకుటయే కష్టమైనది! చివరకు మేఘనాథ్ సాహా చొరవతో ఏషియాటిక్ సొసైటీ 1947లో ప్రచురించినది. అది రష్యన్ భాషలోనికి కూడ అనువదింపబడినది. మిత్రా 1958లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1962లో పద్మభూషణ్ లభించినది. మరుసటి సంవత్సరమే మరణించెను.