బొజ్జ విమానం కట్టిన జాక్ కాన్రాయ్

పిల్లలూ, ముహర్రక్‌లో మన విమానాశ్రయం దగ్గర నిలబడి చూస్తే విమానాలన్నీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి కదా! పొడుగ్గా, గొట్టంలా, ముందు కోసుగా ఉంటాయి. వాటి మధ్యలోకి వీపు మీద పెద్ద బొజ్జ ఉన్న విమానం ఒకటి వచ్చి దిగితే మీరేం చేస్తారు? ముందు నవ్వుతారు. తర్వాత ఇది అసలు ఎగురుతుందా అని అడుగుతారు. 1962లో అమెరికాలో చాలామంది అదే అడిగారు. ఆ విమానాన్ని కట్టించినవాడు జాక్ కాన్రాయ్. ఈ పాఠంలో ఆయన కథ చదువుకుందాం.

కాన్రాయ్ 1920లో అమెరికాలోని బఫెలో నగరంలో పుట్టాడు. అసలు పేరు జాన్. అందరూ జాక్ అని పిలిచేవాళ్లు. కుర్రతనంలో ఆయనకి సినిమాల మీద మోజు. హాలీవుడ్‌కి వెళ్లి చిన్న చిన్న వేషాలు వేశాడు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన బి-17 అనే పెద్ద బాంబర్ విమానానికి పైలట్ అయ్యాడు. శత్రువులు ఆ విమానాన్ని కూల్చేశారు. ప్రాణాలతో బయటపడ్డాడు గానీ, జర్మన్ సైనికులు పట్టుకుని ఖైదీల శిబిరంలో పెట్టారు. యుద్ధం అయ్యాకే విడుదలయ్యాడు.

ఇంత జరిగాక ఇంకెవరైనా అయితే విమానం జోలికే పోరు. కాన్రాయ్ మాత్రం మళ్లీ ఆకాశంలోకే వెళ్లాడు. 1955 మే 21న ఒక జెట్ యుద్ధ విమానంలో లాస్ ఏంజిలిస్ నుంచి న్యూయార్క్ వెళ్లి, సూర్యుడు అస్తమించేలోపే తిరిగి వచ్చేశాడు. అంటే అమెరికా ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి! మొత్తం 11 గంటల 26 నిమిషాలు పట్టింది. దాంతో ఆయన పేరు అందరికీ తెలిసింది.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. 1961లో అమెరికా ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. పదేళ్లు పూర్తయ్యేలోపు మనిషిని చంద్రుడి మీదికి పంపి, క్షేమంగా వెనక్కి తీసుకురావాలి. ఈ పని నాసా సంస్థకి అప్పగించారు. కానీ అక్కడ ఒక చిక్కు ఉంది. రాకెట్ ఒకే ముక్క కాదు. ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన కొన్ని భాగాలు. వాటిని దశలు అంటారు. కొన్ని దశలు పడమటి తీరంలోని కాలిఫోర్నియాలో తయారయ్యేవి. రాకెట్‌ని ప్రయోగించేది తూర్పు తీరంలోని ఫ్లోరిడాలో. మధ్యలో దేశం మొత్తం ఉంది!

మరి రోడ్డు మీద తీసుకెళ్లొచ్చు కదా అంటారా? హైదరాబాద్‌లో ఖైరతాబాద్ వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్లేటప్పుడు కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు అడ్డం రాకుండా ముందే ఎంత ఏర్పాటు చేస్తారో మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. ఆ దూరం కొద్ది కిలోమీటర్లే. రాకెట్ దశ అయితే దేశమంతా దాటాలి. వంతెనల కింద పట్టదు, రైలు సొరంగాల్లో దూరదు. అందుకని ఓడ మీద ఎక్కించి, కిందికి పనామా కాలువ దాకా వెళ్లి, అక్కడి నుంచి చుట్టూ తిరిగి తీసుకొచ్చేవాళ్లు. దానికి 18 నుంచి 25 రోజులు పట్టేది. చంద్రుడి దగ్గరికి వెళ్లి రావడం కంటే ఎక్కువ రోజులన్నమాట!

అదే సమయంలో విమాన సంస్థలన్నీ జెట్ విమానాలు కొనుక్కుంటున్నాయి. పాత స్ట్రాటోక్రూయిజర్ విమానాలను చవగ్గా అమ్మేస్తున్నాయి. అవి బోయింగ్ కంపెనీ తయారు చేసిన నాలుగు ఇంజన్ల విమానాలు. లీ మాన్స్‌డార్ఫ్ అనే వ్యాపారి అలాంటివి కొన్ని కొని పెట్టుకున్నాడు. కాన్రాయ్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆ పాత విమానం వీపుని పైకి బాగా పెంచేస్తే రాకెట్ దశ లోపల పట్టేస్తుంది కదా!

నాసా వాళ్లు పెద్దగా ఉత్సాహం చూపించలేదు. డబ్బు ఇస్తామని ముందుగా మాట కూడా ఇవ్వలేదు. కాన్రాయ్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఏరో స్పేస్‌లైన్స్ అనే కంపెనీ పెట్టాడు. విమానం ఎగరకపోతే ఇల్లు పోతుంది. ఎగిరినా నాసా వద్దంటే అప్పు మిగులుతుంది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు.

ముందు విమానాన్ని సుమారు 5 మీటర్లు పొడుగు చేశారు. తర్వాత పైన గుండ్రటి పెద్ద డొప్ప కట్టారు. లోపల సుమారు 6 మీటర్ల ఎత్తు. అంటే రెండంతస్తుల ఇల్లంత! సామాను ఎక్కించడానికి విమానం వెనుక సగాన్ని పూర్తిగా ఊడదీసి పక్కకు జరిపేలా చేశారు. రాకెట్‌ని లోపలికి తోసి, తోకని మళ్లీ బిగించేవాళ్లు. పొట్ట ఉబ్బిన చేపలా ఉందని దానికి ప్రెగ్నెంట్ గప్పీ అని పేరు వచ్చింది. గప్పీ అంటే అక్వేరియంలో పెంచే చిన్న చేప. ప్రెగ్నెంట్ అంటే కడుపుతో ఉన్న అని అర్థం.

1962 సెప్టెంబర్ 19న కాలిఫోర్నియాలోని వాన్ నైస్ విమానాశ్రయంలో అది మొదటిసారి ఎగరడానికి సిద్ధమైంది. ఏమవుతుందోనని విమానాశ్రయం వాళ్లు పోలీసులకి, ఫైరింజన్ వాళ్లకి ముందే కబురు పెట్టారు. కాన్రాయ్ ఇంకెవరినో పంపలేదు. తానే పైలట్ సీట్లో కూర్చున్నాడు. పక్కన క్లే లేసీ అనే పైలట్ ఉన్నాడు. విమానం పరిగెత్తింది, లేచింది, హాయిగా ఎగిరింది! పాత స్ట్రాటోక్రూయిజర్‌కీ దీనికీ నడపడంలో పెద్ద తేడా లేదు. వేగం మాత్రం కాస్త తగ్గింది.

అదెలా సాధ్యం? విమానాన్ని పైకి ఎత్తేవి ముఖ్యంగా రెక్కలు. కాన్రాయ్ ఆ రెక్కల్ని మార్చలేదు. బొజ్జ గుండ్రంగా, నున్నగా ఉంది కాబట్టి గాలి దాని మీదుగా జారిపోతుంది. కాకపోతే లావుగా ఉన్నదాన్ని గాలి ఎక్కువగా వెనక్కి లాగుతుంది. అందుకే వేగం తగ్గింది. ఇంకో సంగతి. ఇంధనం నింపని రాకెట్ దశ చూడ్డానికి పెద్దదే గానీ, లోపల డొల్ల. కాబట్టి విమానానికి మరీ భారం కాదు. ఇలాంటి విమానాలకి పక్క నుంచి వీచే గాలితోనే జాగ్రత్తగా ఉండాలి. బహ్రెయిన్‌లో దౌ పడవ తెరచాపని గాలి ఎలా తోస్తుందో, ఎత్తయిన ఆ పక్కభాగాన్ని కూడా అలాగే తోస్తుంది. దిగేటప్పుడు, సామాను ఎక్కించేటప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి.

తర్వాత నాసా వాళ్లు విమానాన్ని బాగా పరీక్షించారు. ఒక పక్కన ఉన్న రెండు ఇంజన్లూ ఆపేసినా అది తిన్నగానే ఎగిరింది. 1963 నుంచి రాకెట్ దశల్ని మోయడం మొదలుపెట్టింది. మూడు వారాల ప్రయాణం ఒక్క రోజులోకి వచ్చేసింది. కాన్రాయ్ ఇల్లు నిలిచింది!

1965లో ఇంకా పెద్దదైన సూపర్ గప్పీ తయారైంది. దీని ముక్కు తలుపులా పక్కకి తెరుచుకుంటుంది. కానీ ఒక పరీక్షలో వేగంగా కిందికి దూకించినప్పుడు గాలి ఒత్తిడికి బొజ్జ ముందు భాగం లోపలికి కుంగిపోయింది. లోపల ఉన్నవాళ్ల ప్రాణాలు గాల్లో ఉన్నాయి! అయినా పైలట్లు క్షేమంగా దించారు. ఆ భాగాన్ని మరింత గట్టిగా కట్టి, మళ్లీ ఎగరేశారు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్ మూడో దశని మోసింది ఈ సూపర్ గప్పీయే. దాని కంటే పెద్దవైన మొదటి రెండు దశలు మాత్రం నీటి మీదే వెళ్లేవి. 1969 జూలైలో మనిషి చంద్రుడి మీద అడుగు పెట్టాడు.

కాన్రాయ్ 1967లోనే ఆ కంపెనీని వదిలేశాడు. వేరే కంపెనీ పెట్టి, విమాన ఇంజన్లను మోసే మరో బొజ్జ విమానం చేశాడు. 1979లో చనిపోయాడు. ఆయన మొదటి ప్రెగ్నెంట్ గప్పీని కూడా అదే ఏడాది వాన్ నైస్‌లోనే విరగ్గొట్టి తుక్కు చేసేశారు.

ఆయన ఆలోచన మాత్రం పోలేదు. యూరప్‌లోని ఎయిర్‌బస్ కంపెనీ విమాన భాగాలు ఒక్కో దేశంలో ఒక్కోటి తయారవుతాయి. వాటిని ఒకచోటికి చేర్చడానికి మొదట సూపర్ గప్పీలనే వాడారు. తర్వాత వాళ్లే బెలూగా అనే సొంత బొజ్జ విమానం చేసుకున్నారు. బెలూగా అంటే తెల్లటి తిమింగలం. 2022 డిసెంబర్‌లో అది హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయంలో దిగితే జనం ఆశ్చర్యంగా చూశారు.

ఈసారి సెలవులకి గల్ఫ్ ఎయిర్ వాళ్ల ఎయిర్‌బస్ ఎక్కినప్పుడు కిటికీలోంచి రెక్కని చూడండి. ఆ రెక్కలు బ్రిటన్‌లోని బ్రాటన్ అనే ఊళ్లో తయారవుతాయి. బెలూగా బొజ్జలో కూర్చుని, సముద్రం దాటి, విమానాన్ని బిగించే చోటికి వెళతాయి. అంటే ఆ రెక్క తాను ఎగరకముందే ఒకసారి ఎగిరిందన్నమాట!

కొత్త మాటలు
తాకట్టు – అప్పు కోసం ఇల్లో బంగారమో హామీగా పెట్టడం
డొల్ల – లోపల ఖాళీగా ఉన్నది
తెరచాప – గాలితో పడవ నడవడానికి కట్టే పెద్ద గుడ్డ
తుక్కు – పనికిరాని పాత ఇనుము, సామాను

ఆలోచించి చెప్పండి
1. రాకెట్ దశల్ని రోడ్డు మీద ఎందుకు తీసుకెళ్లలేకపోయారు?
2. పక్క నుంచి వీచే గాలి బొజ్జ విమానాన్ని ఎందుకు ఎక్కువగా తోస్తుంది?
3. మీరే కాన్రాయ్ అయితే ఇల్లు తాకట్టు పెట్టేవాళ్లా? ఎందుకో మీ ఇంట్లో వాళ్లకి తెలుగులో చెప్పండి.