కాదంబినీ గంగూలీ: మూడు పట్టాల కోసం సముద్రం దాటిన డాక్టరమ్మ

మన బడిలో చదివినవాళ్లం నలుగురం ఎక్కడ కలిసినా, నీట్ ఫలితాల రోజులైతే మాట అటే పోతుంది. ఫలానావాళ్ల అమ్మాయికి ఇక్కడ సీటు రాలేదు, జార్జియా పంపాలా, ఫిలిప్పీన్స్ పంపాలా, చదివి వచ్చాక ఆ పట్టా ఇక్కడ చెల్లుతుందా అని. విదేశంలో డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ మళ్లీ స్క్రీనింగ్ పరీక్ష గట్టెక్కాలి. నేను సివిల్ ఇంజనీరుని, వైద్యం సంగతి తెలియదు గానీ ఈ చెల్లుబాటు గొడవ బాగా తెలుసు. సైటుకొచ్చిన ఇనుము ఎంత గట్టిదైనా వెంట టెస్టు సర్టిఫికెట్టు లేకపోతే లారీని గేటు దగ్గరే ఆపేస్తాం. ఇనుములో లోపమేమీ ఉండదు, కాగితమే ఉండదు. కాదంబినీ గంగూలీ జీవితం చదివినప్పుడు నాకు ఆ లారీయే గుర్తొచ్చింది.

ఆవిడ 1861లో భాగల్‌పూర్‌లో పుట్టారు. తండ్రి వ్రజకిశోర్ బసు బడిపంతులు, బ్రహ్మసమాజీకుడు. కలకత్తాలో బెథూన్ స్కూల్లో చదివి 1878లో యూనివర్సిటీ ఎంట్రన్స్ పరీక్ష పాసయ్యారు. ఒక్క మార్కు తగ్గి ఫస్ట్ డివిజన్ తప్పింది. 1883లో చంద్రముఖీ బసుతో పాటు బి.ఎ. పట్టా అందుకున్నారు. ఆ ఇద్దరూ మన దేశంలో తొలి మహిళా పట్టభద్రులు. అదే ఏడాది తన గురువు ద్వారకానాథ్ గంగూలీని పెళ్లి చేసుకున్నారు. ఆయన భార్య పోయినవాడు, ఈవిడ కన్నా పదిహేడేళ్లు పెద్ద. సంస్కర్తలమని చెప్పుకునే స్నేహితులే కొందరు ఆ పెళ్లికి మొహం చాటేశారు.

అప్పటికి కలకత్తా మెడికల్ కాలేజీ ఆడపిల్లలకు తలుపు తీయలేదు. మన మద్రాసు కాలేజీ మాత్రం 1875 నుంచే చేర్చుకుంటోంది. అందుకే అబలా దాస్ 1882లో బెంగాల్ నుంచి వైద్యం చదవడానికి మద్రాసు వచ్చారు (తర్వాత జగదీశ్ చంద్ర బోస్ భార్య అయింది ఆవిడే). కాదంబిని ఊరు కదల్లేదు. భార్యాభర్తలు పట్టుబట్టారు, ప్రభుత్వం కలకత్తా కాలేజీ మెడలు వంచింది, 1883లో ఆవిడకు సీటు దొరికింది.

కొందరు అధ్యాపకులకు ఇది సుతరామూ ఇష్టం లేదు. చివరి పరీక్షల్లో ఒక సబ్జెక్టులో ఆవిడ తప్పారు. ఒకే ఒక్క మార్కుతో తప్పించారని, దిద్దినాయన స్త్రీ విద్యకు బద్ధ వ్యతిరేకి అని చెబుతారు. పేపర్లు దిద్దిన మాస్టార్లు మన సంఘంలో చాలామందే ఉన్నారు. ఆ ఒక్క మార్కు బరువెంతో వారికి నేను చెప్పనక్కర్లేదు. ఎం.బి. పట్టా పోయింది. ప్రిన్సిపాల్ కోట్స్ తనకున్న అధికారంతో 1886లో జి.బి.ఎం.సి., అంటే బెంగాల్ మెడికల్ కాలేజీ గ్రాడ్యుయేట్ అనే డిప్లొమా ఇచ్చారు. దాంతో ప్రాక్టీసు చేసుకోవచ్చు. అదే ఏడాది ఆనందీబాయి జోషీ ఫిలడెల్ఫియాలో ఎం.డి. అయ్యారు. తిరిగొచ్చి ప్రాక్టీసు మొదలుపెట్టకముందే, 1887 ఫిబ్రవరిలో, ఇరవై రెండేళ్లు నిండకుండానే పాపం క్షయతో పోయారు. ఎవరు మొదటి లేడీ డాక్టరు అనే వాదనలోకి నేను పోదలచుకోలేదు.

1888లో కాదంబిని లేడీ డఫ్రిన్ ఆసుపత్రిలో నెలకు 300 రూపాయల జీతం మీద చేరారు. ఆ రోజుల్లో అది పెద్ద జీతమే. కానీ పైన తెల్ల డాక్టరమ్మలు, ఈవిడకంటూ సొంతంగా వార్డు లేదు. ఏమన్నా అంటే ఎం.బి. కాదు కదా అనేవారు. బయట ఇంకా ఘోరం. 1891లో బంగబాసి అనే పత్రిక ఆవిడ శీలం మీద బురద జల్లుతూ రాసింది. గంగూలీ దంపతులు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. సంపాదకుడికి ఆరు నెలల జైలు, వంద రూపాయల జరిమానా పడింది. శీలం సంగతి కోర్టు తేల్చింది. పట్టా సంగతి తేల్చే కోర్టు మాత్రం ఈ దేశంలో లేదు.

1893లో పిల్లల్ని ఇంట్లోవాళ్లకు అప్పగించి, భర్త తోడు కూడా లేకుండా ఓడ ఎక్కారు. అప్పటికి ముప్పై దాటాయి, చంటివాడూ ఉన్నాడు. వెళ్లింది ఎడింబరోకి. ఆ ఊరికి ఒక కథ ఉంది. 1869లో సోఫియా జెక్స్-బ్లేక్ మరికొందరు ఆడవాళ్లతో అక్కడి యూనివర్సిటీలో వైద్యం చదవడానికి చేరితే, మరుసటి ఏడు పరీక్షకు వెళ్తుంటే మగ విద్యార్థులు గేటు మూసి బురద విసిరారు. చివరికి యూనివర్సిటీ పట్టా ఇవ్వనంది. 1858 చట్టం ప్రకారం విదేశీ పట్టాతో కొత్తగా బ్రిటిష్ రిజిస్టరులో పేరెక్కదు. 1876లో ఆడవాళ్లకూ లైసెన్సు ఇవ్వవచ్చని చట్టం వచ్చాక, ఆవిడ మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఎం.డి. చేసి, డబ్లిన్‌లో లైసెన్సు పరీక్ష రాసి రిజిస్టరులోకెక్కారు. ఎడింబరో వైద్యుల, శస్త్రవైద్యుల కాలేజీలు 1886లో గానీ ఆడవాళ్లను పరీక్షలకు రానివ్వలేదు. మరో ఏడేళ్లకు ఆ తలుపులోంచే కాదంబిని లోపలికి వెళ్లారు.

ఆవిడ వైద్యం నేర్చుకోవడానికి వెళ్లలేదు. రోగుల్ని చూడబట్టి అప్పటికే ఏళ్లు దాటింది. కలకత్తాలో చదివిన చదువును లెక్కలోకి తీసుకుని పరీక్షకు కూర్చోనిచ్చారు. కొద్ది నెలల్లోనే ఎడింబరో కాలేజీలు రెండూ, గ్లాస్గో ఫాకల్టీ కలిపి ఇచ్చే మూడు లైసెన్సులూ చేతికొచ్చాయి. కలకత్తా వాళ్లు చాలదన్న చదువే అక్కడ చాలింది.

తిరిగొచ్చాక ఎం.బి. మాట ఎత్తినవాళ్లు లేరు. కొన్నాళ్లు డఫ్రిన్‌లో చేసి సొంత ప్రాక్టీసు పెట్టుకున్నారు. నేపాల్ రాజమాతకు వైద్యం చేయడానికి పిలుపొచ్చింది. 1898లో ద్వారకానాథ్ పోయిన రోజునే కష్టమైన కాన్పు ఉందని కబురొస్తే బ్యాగు తీసుకుని బయల్దేరారని చెబుతారు. 1922లో అరవై దాటిన వయసులో, కవయిత్రి కామినీ రాయ్‌తో కలిసి బీహారు, ఒరిస్సాల బొగ్గు గనుల్లో కూలి ఆడవాళ్ల పరిస్థితి చూడటానికి వెళ్లారు. 1923 అక్టోబరు 3న, ఒక ఆపరేషన్ చేసి ఇంటికొచ్చిన రోజునే కన్నుమూశారు.