కండరశక్తి రహస్యాన్వేషి - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మానవుడు భుజించిన ఆహారమే శక్తిగా మారుతుందని అందరూ ఎరిగినదే. అయితే ఆ శక్తి కండరంలో ఏ రూపంలో నిలిచి ఉంటుంది? పరుగుపందెంలో కాలు కదిపిన మరుక్షణమే అది ఎక్కడినుండి వెలువడుతుంది? ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో మహామహులైన శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న ఇది. దీనికి సమాధానం కనుగొన్నవారిలో ఒకరు గోదావరి తీరాన పుట్టిన తెలుగువాడు కావడం మనకు గర్వకారణం. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో ఒక పేద కుటుంబంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. బాల్యంలో ఆయనకు చదువుపై కంటె ధనార్జనపైనే మక్కువ. పదమూడేండ్ల ప్రాయంలో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని సంపన్నుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి పట్టుదలతో వెనుకకు రప్పించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేకపోయారు. పరీక్షలో ఒకసారి తప్పినంతనే జీవితమే ముగిసినదని కుంగిపోయే విద్యార్థులు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవడం మంచిది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, అనంతరం అక్కడి వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురి అయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టం చేజారి, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఆ రోజులలోనే సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి కొద్ది రోజుల వ్యవధిలో బలియైపోయారు. వైద్యవిద్య నేర్చుకొని కూడ తోబుట్టువులను కాపాడుకోలేని నిస్సహాయత ఆయన హృదయంలో మానని గాయమయింది.

కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించి, మామగారి సహాయంతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ప్రోత్సాహంతోను అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి కన్నులారా చూడనే లేదు. హార్వర్డులో పగలు చదువుకుంటూ, రాత్రులు ఆసుపత్రిలో పనివానిగా రోగుల సేవ చేసి పొట్ట పోసుకున్నారు. పిమ్మట జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధనకు కుదిరారు.

వారిరువురు మొదట చేపట్టిన పని పైకి చాల చిన్నది. రక్తంలోను, ఇతర శరీరద్రవాలలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభమార్గం కనుగొనడం. ఫాస్ఫేటుకు మాలిబ్డేటు చేర్చి, తగిన రసాయనంతో క్షయకరణం చేసినపుడు ద్రావణం నీలివర్ణం పొందుతుంది. ఆ నీలిమ గాఢతను బట్టి భాస్వరపు పరిమాణం తెలుస్తుంది. 1925లో ప్రకటితమైన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలలలో వ్యాప్తి చెందింది.

ఈ కొలబద్దయే గొప్ప ఆవిష్కరణకు ద్వారం తెరచింది. కండరసారాన్ని పరీక్షించినపుడు నీలిరంగు వెంటనే రాక, మెల్లమెల్లగా ముదురుతూ వచ్చింది. మరొకరైతే ప్రయోగదోషమని త్రోసివేసి ఉండేవారు. సుబ్బారావు ఆ ఆలస్యానికి కారణం వెదికారు. ఫాస్ఫేటు స్వేచ్ఛగా లేదని, క్రియాటిన్ అనే పదార్థంతో బంధింపబడి, ప్రయోగసమయంలో క్రమంగా విడుదల అవుతున్నదని తేలింది. ఈ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ వెలుగు చూసింది. అంతవరకు కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమనే సిద్ధాంతం రాజ్యమేలుతూ ఉండినది. దానికి సంబంధించిన కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి సైతం లభించి ఉన్నది. ఫాస్ఫోక్రియాటిన్ రాకతో ఆ సిద్ధాంతం పునాదులు కదిలాయి. లాక్టిక్ ఆమ్లం ఉత్పత్తి కాకున్నను కండరం సంకోచించగలదని 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ నిరూపించాడు. 1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరంనుండి ఎ.టి.పి.ని కూడ వేరుపరిచారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ స్వతంత్రంగా దానినే కనుగొన్నాడు.

సకల జీవకణాలలోను శక్తికి నాణెం వంటిది ఎ.టి.పి. తీవ్రంగా పరుగెత్తేవాని కండరంలో దాని నిలువ రెండు మూడు సెకన్లకే చాలుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ దానిని తిరిగి నింపుతూ సుమారు పది సెకన్లవరకు ఆదుకొంటుంది. అటుపిమ్మట పిండిపదార్థాలు, కొవ్వులు, ఆమ్లజని సహాయంతో శక్తి ఉత్పత్తి కావలసిందే.

శక్తికి మూలం ఫాస్ఫేటు అయినపుడు, దానిని అదనంగా సేవిస్తే దూరపు పరుగులో అలసట తగ్గదా అనే సందేహం సహజం. జర్మనీలో ఎంబ్డెన్ మొదటి ప్రపంచయుద్ధకాలంలోనే సైనికులకు ఫాస్ఫేటు లవణం ఇచ్చి చూశాడు. 1984లో అమెరికాలో కేడ్ బృందం పరుగుక్రీడాకారులకు ఇచ్చి, ఆమ్లజనిని గ్రహించే శక్తి పెరిగినదని ప్రకటించింది. రక్తకణాలు ఆమ్లజనిని కండరాలకు మరింత సులువుగా విడిచిపెట్టడమే కారణమని భావించారు. రోజుకు 3 నుండి 4 గ్రాముల సోడియం ఫాస్ఫేటు చొప్పున కొద్ది రోజులు ఇచ్చి తరువాత పలువురు జరిపిన ప్రయోగాలలో కొన్నింట మేలు కనిపించింది. కొన్నింట ఏమియు కనిపించలేదు. కడుపులో వికారం, విరేచనాలు కలగడం కద్దు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఇది ప్రమాదకరం. పాలు, పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం మొదలైన సామాన్యాహారంలోనే భాస్వరం సమృద్ధిగా లభిస్తుంది. కనుక పందెం నాటికి ఏదో ఒక పొడి మ్రింగి విజయం సాధించాలని తలచే యువకుడు తన అభ్యాసాన్నే నమ్ముకోవడం శ్రేయస్కరం.

ఇంతటి కృషి చేసినను హార్వర్డులో సుబ్బారావుకు స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన నేతృత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారయింది. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధంగా ఉపకరించడం విధివిలాసమే. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పసిపిల్లల రక్తకాన్సరుకు అమినాప్టెరిన్, పిదప మెథోట్రెక్సేట్, సూక్ష్మజీవులపై ఆరియోమైసిన్ అక్కడనుండే వెలువడ్డాయి.

1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే ఆయన కన్నుమూశారు. మరల మాతృభూమిని చూడలేదు. నోబెల్ బహుమతి రాలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఆయన పేర బిళ్ళను విడుదల చేసింది.

విద్యార్థి లోకానికి ఆయన జీవితం బోధించేది ఒక్కటే. ఆయన ముందు కొలిచారు, పిమ్మట విశ్వసించారు. రంగు ఆలస్యంగా వచ్చినా విసుగు చెందలేదు. ఆ ఓర్పే ఆయనను మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంనుండి ఎ.టి.పి. వరకు నడిపించింది. అటువంటి ఓర్పును ఏ ఔషధశాలయు విక్రయించజాలదు. దానిని ఎవరికి వారు నిత్యకృషితో సంపాదించుకోవలసిందే.